పడడానికింత చోటు

మొన్న వేసవిలో ఒక రాత్రి కాకినాడ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మా, దానికి నువ్వంటే గురి. నువ్వు చెప్తే వింటుంది. ఆ పోల్‌వాల్ట్ ఒద్దని నువ్వే చెప్పు" అంది. 'అది' అంటే నా మనవరాలు. పదమూడేళ్ళది. బడిలో ఆటల మాస్టారు దాని పరుగు చూసి, లాంగ్‌జంప్ కన్నా పోల్‌వాల్ట్ నేర్చుకుంటే బావుంటుందని అన్నారట. ఆ రోజు నుంచీ ఇంట్లో యుద్ధం.

"ఎందుకొద్దంటున్నావు?" అన్నాను.

"తలకిందులుగా పైకి లేవాలమ్మా. నువ్వెప్పుడైనా చూశావా? మెడ విరిగితే? రేపు దానికి..." అని ఆగిపోయింది. ఆ 'రేపు' తర్వాత ఏముందో నాకు తెలుసు. మీకూ తెలుసు.

"సరే, చెప్తాలే" అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ 'సరే' నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చింది? ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లలకి ఫిజిక్స్ చెప్పినదాన్ని. ఆడపిల్లల చదువుల గురించీ ఉద్యోగాల గురించీ సభల్లో మాట్లాడినదాన్ని. అన్నిటికీ మించి, ఒకప్పుడు వెదురు గెడ పట్టుకుని బోదెలు దూకినదాన్ని. ఆ గెడ నా చేతిలోంచి ఎవరు లాక్కున్నారో ఈ రోజుకీ మర్చిపోలేదు. అయినా సమయం వచ్చేసరికి నా నోట్లోంచి మా నాయనమ్మ మాటే వచ్చింది. ఆ 'సరే' గురించే ఇదంతా రాస్తున్నాను.

మాది ద్రాక్షారామం. భీమేశ్వరుడి గుడి వల్ల ఊరి పేరు అందరికీ తెలుసు గానీ, చిన్నప్పుడు మాకు ఊరంటే గుడి కన్నా ముందు నీళ్ళే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి. పెద్ద కాలువ, దాన్నించి పిల్ల కాలువ, దాన్నించి పంట బోదె, వాడిన నీళ్ళు బయటికి పోవడానికి మళ్ళీ మురుగు కాలువ. పొలంలో ఏ మూలకి వెళ్ళాలన్నా ఏదో ఒకటి దాటాల్సిందే. కాస్త పెద్దవాటి మీద తాటిపట్టె వేసేవారు. చిన్నవాటి మీద ఏమీ ఉండేది కాదు. దిగి నడిస్తే మోకాళ్ళ దాకా బురద. అందుకని మగపిల్లలు ఒక వెదురు గెడ చేతిలో పట్టుకుని తిరిగేవారు. నాలుగడుగులు పరిగెత్తి, గెడ కొస బోదె మధ్యలో ఆనించి, దాన్ని పట్టుకు వేలాడుతూ అవతలి గట్టు మీద దిగేవారు. పడవవాళ్ళ గెడ పడవని తోసినట్టే ఈ గెడ మనిషిని తోసేది.

నెదర్లాండ్స్‌లో ఫ్రీస్‌లాండ్ అనే ప్రాంతం ఉంది. అక్కడా మనలాగే పల్లపు నేల, మనలాగే కాలువలు. అక్కడి పల్లెల వాళ్ళూ ఇలాగే గెడలతో కాలువలు దాటేవారు. తర్వాత దాన్ని ఆటగా మార్చుకుని ఇప్పటికీ పోటీలు పెట్టుకుంటారు. ఒలింపిక్స్‌లో ఉండే పోల్‌వాల్ట్‌కి లెక్క దూరం కాదు, ఎత్తు. కానీ దాని మూలం కూడా ఇలా కాలువలూ బురదనేలలూ దాటడంలోనే ఉందంటారు. దారి లేనిచోట కర్ర సాయంతో దారి చేసుకోవడమన్న మాట.

నాకు పదేళ్ళప్పుడు అన్నయ్య దగ్గర నేర్చుకున్నాను. పరికిణీ కుచ్చెళ్ళు నడుం దగ్గర దోపుకుని దూకేదాన్ని. మొదట్లో చాలాసార్లు గెడతో సహా బోదె మధ్యలో నిలబడిపోయి, అటూ పోలేక ఇటూ రాలేక, మెల్లగా పక్కకి ఒరిగి నీళ్ళలో పడేదాన్ని. అన్నయ్య గట్టు మీద కూచుని పగలబడి నవ్వేవాడు. పరుగు చాలకపోతే అలా అవుతుందని వాడే చెప్పాడు. "భయపడి చివరి రెండడుగులు తగ్గించేస్తున్నావు. అక్కడే ఇంకా జోరుగా పరిగెత్తాలి" అనేవాడు. పోల్‌వాల్ట్ నేర్పేవాళ్ళు ఇప్పటికీ మొదట చెప్పేది ఇదే అని నాకు అరవై ఏళ్ళు దాటాక తెలిసింది.

మాతో ఇంకో అమ్మాయి వచ్చేది. మా ఇంట్లో పాలేరుగా ఉండే అతని కూతురు. పేరు రాయడం తనకి ఇష్టం లేదు. నా కన్నా, అన్నయ్య కన్నా కూడా బాగా దూకేది. మేం దూకడానికి భయపడే మురుగు కాలువని, నెత్తి మీద గడ్డిమోపు అవతలికి విసిరేసి, గెడతో తను ఎగిరి దిగేది. మాకది ఆట. తనకి అది పొలం నుంచి ఇంటికి దగ్గర దారి.

నేను పెద్దమనిషినయిన ఏడాది, స్నానం చేయించిన పదో రోజో పదకొండో రోజో, పెరట్లో చూరుకింద ఉన్న గెడ అందుకోబోయాను. నాయనమ్మ వచ్చి చేతిలోంచి లాక్కుంది. "ఒసే, ఇంక దీని జోలికి వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతాను. గర్భసంచి జారిపోతే నిన్నెవడు చేసుకుంటాడే" అంది. గర్భసంచి అంటే ఏమిటో నాకు సరిగ్గా తెలియదు. నా కడుపులో జారిపోయే సంచీ ఒకటుందని మాత్రం ఆ రోజే తెలిసింది. తర్వాత చాలా ఏళ్ళు మెట్లు దిగేటప్పుడు కూడా జాగ్రత్తగా దిగేదాన్ని.

ఆ గెడని నాయనమ్మ పారెయ్యలేదు. పాదుకి ఊతంగా పాతింది. ఆ ఏడాది దాని మీద ఆనప తీగ పాకింది.

అప్పుడు తోచని సంగతి ఒకటి తర్వాత తోచింది. అదే నెలలో మా పొలంలో నాట్లు పడ్డాయి. నెలలు నిండబోతున్న ఆడవాళ్ళు కూడా నారుకట్టలు ఎత్తుకుని బోదెలు దాటారు, వంగి నాట్లేశారు. వాళ్ళ గర్భసంచుల గురించి నాయనమ్మ బెంగ పెట్టుకోలేదు. నా స్నేహితురాలు గెడతో మురుగు కాలువ దూకుతూనే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఆడదాని ఒళ్ళు నాజూకైనదన్న మాట అందరి ఆడవాళ్ళకీ వర్తించదు. కూలి చెయ్యక్కర్లేని ఇళ్ళలోనే ఆ నాజూకు పుట్టుకొస్తుంది. మా ఇంటి పరువు నా కడుపులో ఉంది. నా స్నేహితురాలి చాకిరీ తన చేతుల్లో ఉంది. అందుకే నన్ను ఆపారు, తనని ఆపలేదు. కానీ ఆపకపోవడం స్వేచ్ఛ కాదు. తను అయిదో తరగతితో బడి మానేసింది. తను ఎంత బాగా దూకేదో ఏ బడి రికార్డులోనూ లేదు.

అన్నయ్య మాత్రం దూకుతూనే పెద్దవాడయ్యాడు. హైస్కూల్లో పోల్‌వాల్ట్ టీములో చేరాడు. వెదురు గెడే. ఇప్పుడు వెదురు అంటే నవ్వొస్తుంది గానీ, దాన్ని తక్కువ చెయ్యక్కర్లేదు. అమెరికావాడు కార్నీలియస్ వార్మర్‌డామ్ 1942లో వెదురు గెడతోనే 4.77 మీటర్లు దాటాడు. ఆ తర్వాత లోహపు గొట్టాలు వచ్చాయి. 1960ల్లో ఫైబర్‌గ్లాస్ వచ్చి ఆట స్వరూపమే మార్చేసింది. మా ఊళ్ళ బళ్ళకి ఆ సంగతి అప్పటికి తెలియదు.

మెత్తటి పరుపులు కూడా లేవు. దూకేవాళ్ళు పడడానికి గొయ్యి తవ్వి అందులో ఇసుక పోసి, దాని మీద ఊకా రంపపు పొట్టూ నింపేవారు. అంతర పాఠశాలల పోటీలకి వారం ముందు రైసుమిల్లు నుంచి ఊక బస్తాలు బండి మీద వచ్చేవి. వాటిని దింపి గోతిలో పోసి చదును చేసే పని ఆడపిల్లలది. మా క్లాసు పిల్లలం ఓణీలు ముక్కుకి అడ్డం కట్టుకుని ఊక పోశాం. మిల్లు నుంచి బస్తాలెత్తిన కూలీల్లో నా స్నేహితురాలు ఉంది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నాం. అన్నయ్య ఎగిరి వెల్లకిలా ఆ ఊకలో పడితే అందరం చప్పట్లు కొట్టాం.

ఆ గొయ్యి నింపింది మేము. అందులో పడే హక్కు మాకు లేదు. అప్పుడది నాకు అన్యాయంగా అనిపించలేదు, అదే నిజం. ఆ ఊక దురద వారం రోజులు ఒంటి మీద ఉంది, అంతే.

డిగ్రీ, ఎమ్మెస్సీ, పెళ్ళి, పిల్లలు, లెక్చరర్ ఉద్యోగం. శక్తి నిత్యత్వ నియమం చెప్పేటప్పుడు నాకిష్టమైన ఉదాహరణ పోల్‌వాల్టే. ఈ ఆటని ఇంత బాగా వివరించే మాట ఇంకోటి లేదు కూడా. పరిగెత్తేవాడి దగ్గర గతిజశక్తి ఉంటుంది. గెడ కొసని నేలలో ఉన్న పెట్టెలో గుచ్చినప్పుడు గెడ విల్లులా వంగుతుంది. పరుగులోని శక్తిలో చాలాభాగం ఆ వంపులోకి వెళ్ళి దాక్కుంటుంది. గెడ మళ్ళీ నిటారుగా సాగేటప్పుడు ఆ శక్తిని తిరిగి మనిషికిచ్చేస్తుంది. అదే ఎత్తు. అంటే స్థితిజశక్తి. బోర్డు మీద సమీకరణం రాస్తే రెండు వైపులా ద్రవ్యరాశి ఉంటుంది. రెండూ కొట్టేస్తాం. మిగిలేది వేగమూ, భూమ్యాకర్షణా, ఎత్తూ. సెకనుకి 8 మీటర్ల వేగం ఉంటే 3.27 మీటర్ల ఎత్తు లేవొచ్చు. పరిగెత్తే మనిషి గురుత్వకేంద్రం అప్పటికే నేల నుంచి సుమారు మీటరు ఎత్తున ఉంటుంది గనక అదీ కలుస్తుంది. పైన చేతులతో గెడని నెట్టే బలమూ కలుస్తుంది. మొత్తం మీద నాలుగు మీటర్లు దాటుతుంది.

1990ల మొదట్లో ఒకరోజు ఈ లెక్క చేస్తుంటే వెనక బెంచీ అమ్మాయి లేచి, "మేడమ్, మరి అమ్మాయి దూకితే ఎంత వస్తుంది?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. "అమ్మాయిలకి ఆ పోటీ లేదమ్మా" అని తర్వాతి లెక్కకి వెళ్ళిపోయాను. బోర్డు మీద సమీకరణం అలాగే ఉంది. ద్రవ్యరాశి కొట్టేసి ఉంది. ఆడా మగా అన్న అక్షరం అందులో మొదటినుంచీ లేదు. నేను పెట్టాను. పుస్తకంలో 'అతడు' అని ఉంది, నేను 'అతడు' అని చదివాను. నలభై మంది ఆడపిల్లల ముందు.

నిజానికి అప్పటికే అమ్మాయిలు దూకుతున్నారు. ఆడవాళ్ళ పోల్‌వాల్ట్‌లో అంతర్జాతీయ సమాఖ్య గుర్తించిన మొదటి ప్రపంచ రికార్డు 1992 నాటిది. చైనా అమ్మాయి సున్ సాయున్‌ది, 4.05 మీటర్లు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఈ పోటీ 1999లో పెట్టారు, ఒలింపిక్స్‌లో 2000లో. మగవాళ్ళకి మొదటి ఆధునిక ఒలింపిక్స్, అంటే 1896 నుంచే ఉంది. నూటనాలుగేళ్ళు ఆలస్యం.

ఎందుకింత ఆలస్యం అంటే జవాబు మా నాయనమ్మ చెప్పిందే. ఆడవాళ్ళ భుజాల్లో బలం ఉండదన్నారు. ఒళ్ళు తట్టుకోలేదన్నారు. 1928లో 800 మీటర్ల పరుగు పెట్టి, పరిగెత్తినవాళ్ళు అలిసిపోయారన్న సాకుతో మళ్ళీ 1960 దాకా తీసేశారు. అలిసిపోని పరుగు ఎక్కడుంటుంది? ఇదంతా పాతకాలం మాట అనుకుంటే, 2005లో కూడా అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు స్కీ జంపింగ్ వైద్యపరంగా ఆడవాళ్ళకి తగింది కాదన్నట్టు మాట్లాడాడు. వాళ్ళకి ఒలింపిక్స్‌లో ఆ పోటీ 2014లో గానీ రాలేదు. చదువుకోని మా నాయనమ్మకీ సూటు వేసుకున్న ఆ పెద్దమనిషికీ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం ఉంది. ఎగిరితే ఆడదానికి ఏదో జారిపోతుందని.

2000 సెప్టెంబరు నాకు బాగా గుర్తుంది. 19న సిడ్నీలో మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్స్‌లో పతకం అందుకున్న మొదటి భారతీయ మహిళ. స్టాఫ్‌రూంలో స్వీట్లు పంచుకున్నాం. ఆరు రోజుల తర్వాత, 25న, అమెరికాకి చెందిన స్టేసీ డ్రాగిలా 4.60 మీటర్లు దాటి పోల్‌వాల్ట్ స్వర్ణం గెలిచింది. ఆ వార్త పేపర్లో ఒక మూలన నాలుగు లైన్లు. మల్లీశ్వరి గురించి కాయితాలు తిరగేస్తుంటే కనబడింది. చదివి ఆగిపోయాను. వెనక బెంచీ అమ్మాయి ప్రశ్నకి జవాబు ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చింది. 4.60.

ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ని కూడా ఒలింపిక్స్‌లో పెట్టింది ఆ సిడ్నీలోనే. అంటే 'ఆడవాళ్ళకి భుజబలం లేదు' అన్న తలుపులు రెండూ ఒకే నెలలో తెరుచుకున్నాయి. తెరుచుకున్న మొదటి రోజుల్లోనే మన అమ్మాయి ఒకటి దాటేసింది. 1984లో ఆడవాళ్ళకి 400 మీటర్ల హర్డిల్స్ మొదటిసారి పెట్టినప్పుడూ అంతే. మన పి.టి. ఉష సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. గుమ్మం తెరిచేసరికి మనవాళ్ళు గుమ్మంలోనే ఉన్నారు. మరి తెరవని గుమ్మాల ముందు ఎంతమంది నిలబడి నిలబడి వెనక్కి పోయారో?

ఒక లెక్క చూడండి. మగవాళ్ళ పోల్‌వాల్ట్‌లో సమాఖ్య గుర్తించిన మొదటి రికార్డు 1912లో మార్క్ రైట్‌ది, 4.02 మీటర్లు. అక్కణ్ణించి 5 మీటర్లకి చేరడానికి 1963 దాకా, 51 ఏళ్ళు పట్టింది. ఆడవాళ్ళు 1992లో 4.05 దగ్గర మొదలుపెట్టారు. 2005 జూలైలో లండన్‌లో రష్యా అమ్మాయి యెలెనా ఇసిన్‌బయేవా 5 మీటర్లు దాటింది. 13 ఏళ్ళు. ఆమె అంతకుముందు జిమ్నాస్టిక్స్ చేసేది. ఎత్తు పెరిగిపోయిందని పదిహేనేళ్ళకి అందులోంచి పంపేస్తే ఇటు వచ్చింది. 2009లో జూరిచ్‌లో 5.06 దాకా వెళ్ళింది.

ఆడవాళ్ళు మగవాళ్ళ కన్నా గొప్పవాళ్ళని చెప్పడానికి ఈ లెక్క తీయలేదు. 51 ఏళ్ళకీ 13 ఏళ్ళకీ తేడా ఎక్కడుంది? మొదటి మగవాళ్ళకి వెదురు గెడా, ఇసుక గొయ్యీ. ఈ అమ్మాయిలు వచ్చేసరికి వంగే ఫైబర్‌గ్లాస్ గెడ ఉంది, నడుం ఎత్తు పరుపు ఉంది, ఎలా దూకాలో చెప్పే విద్య ఉంది. గెడా పరుపూ ఉంటే పదమూడేళ్ళు చాలు. ఇన్నాళ్ళూ లోటు మన భుజాల్లో లేదు. గెడ మన చేతికివ్వలేదు, పడడానికి చోటివ్వలేదు. అంతే.

పడడమే ఈ ఆటలో సగం. టీవీలో చూస్తే ఎగరడమే కనిపిస్తుంది. మనవరాలి కోసం కూచుని చాలా వీడియోలు చూశాక నాకు క్రమం అర్థమైంది. సుమారు నలభై మీటర్ల పరుగుదారి. కుడిచేతి వాటం వాళ్ళయితే కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పట్టుకుంటారు. చివరి అడుగుల్లో గెడని తల మీదికెత్తి, నేలలోకి వాలుగా దిగే ఇరవై సెంటీమీటర్ల లోతు పెట్టెలో గుచ్చుతారు. ఎడమకాలితో లేస్తారు. ఒళ్ళంతా గెడకి వేలాడి ఉయ్యాలలా ఊగి, కాళ్ళు ఆకాశం వైపు, తల నేల వైపు అవుతుంది. గెడ నిటారయ్యేటప్పుడు ఒంటిని తిప్పి, కర్రకి ఎదురుగా ముఖం పెట్టి, దాని మీదుగా ఒళ్ళు మడిచి, గెడ వదిలేస్తారు. అక్కణ్ణించి వెల్లకిలా పడడమే. ఒక్కో ఎత్తుకి మూడు ప్రయత్నాలు. కర్రకి ఒళ్ళు తగిలినా ఫర్వాలేదు, అది కింద పడకపోతే చాలు. వరసగా మూడుసార్లు తప్పితే పోటీ ముగిసినట్టే. అందుకే గెలిచినవాళ్ళు కూడా మామూలుగా చివరికి ఓ మూడుసార్లు కర్ర పడగొట్టాకే ఇంటికి వెళ్తారు. పడడాన్ని సిగ్గుగా కాకుండా ఆటలో భాగంగా చూసే పోటీ ఇది. ఆడపిల్లలకి పడడం గురించి మనం నేర్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒక్కసారి కాలు జారిందంటే అయిపోయిందని గదా మన సామెతలూ, మన పెద్దలూ చెప్పేది.

ఇదంతా తెలిశాక కూడా నా భయం పోలేదు. మా అమ్మాయి భయం ఉత్తది కాదు. మొదట 5 మీటర్లు దాటిన బ్రయాన్ స్టర్న్‌బర్గ్, దాటిన కొద్ది నెలలకే, ట్రాంపొలిన్ మీద అభ్యాసం చేస్తూ పడి, మెడ దెబ్బతిని జీవితాంతం మంచానికీ కుర్చీకీ పరిమితమయ్యాడు. ఎగిరేవాళ్ళకి ప్రమాదం ఉంది. స్త్రీవాదం పేరు చెప్పి దాన్ని లేదనలేను. కానీ స్టర్న్‌బర్గ్ పడ్డాడని మగపిల్లల పోటీ ఎవరూ తీసెయ్యలేదు. మగపిల్లాడు పడితే పరుపు మందం పెంచారు. ఆడపిల్ల పడుతుందేమోనని ఆటే తీసేశారు.

అప్పుడు నాకు నాయనమ్మకీ నాకూ మధ్య ఉండాల్సిన తేడా తెలిసింది. నాయనమ్మ గెడ లాక్కుంది. నేను పరుపు ఎక్కడుందని అడగాలి.

కాకినాడ వెళ్ళాను. మనవరాలితో కలిసి పొద్దున్నే గ్రౌండుకి నడిచాను. మాస్టారు మర్యాదస్తుడు. "నమస్కారమండి, మీరు ఫిజిక్స్ చెప్పారటండి. అయితే మీకు నేను చెప్పేదేముందండి" అన్నాడు. చెప్పించుకున్నాను. మొదటి నెలల్లో గెడ వంచడం అంటూ ఉండదట. గెడ కింది భాగంలో పట్టుకుని, అయిదారడుగుల పరుగుతో, లాంగ్‌జంప్ ఇసుకలో ముందుకు దూకడమే. కర్ర ఉండదు, ఎత్తు ఉండదు. నేను నిలబడి చూస్తుండగానే నా మనవరాలు అలా దూకింది. సరిగ్గా నేను బోదె దూకినట్టే. చివరి రెండడుగులు తగ్గించేసి మధ్యలో నిలబడిపోయి పక్కకి ఒరిగి పడింది. ఇసుక దులుపుకుని లేచింది. నాకు తెలీకుండానే, "అక్కడే ఇంకా జోరుగా పరిగెత్తాలమ్మా" అని అరిచాను. మాస్టారు నావైపు తిరిగి చూశాడు.

"మరి ఎత్తు దూకేటప్పుడు ఎక్కడ పడతారండి?" అని అడిగాను.

ఆయన తల దించుకున్నాడు. పరుపు లేదు. ఉన్న పాతది చిరిగి, వానకి తడిసి, లోపల నురుగు ముద్దకట్టింది. కొత్తది లక్షల్లో మాట. ఒక్కో గెడా వేలల్లో. పిల్ల బరువు పెరిగినకొద్దీ, పట్టు పెరిగినకొద్దీ గెడ మారుతుండాలి. పక్కనే తమిళనాడు ఆడపిల్లలు ఈ ఆటలో జాతీయ రికార్డులు తిరగరాశారు. 2014లో వి.ఎస్. సురేఖ 4.15 మీటర్లు దూకింది. 2022లో గుజరాత్ జాతీయ క్రీడల్లో రోజీ మీనా 4.20తో దాన్ని దాటింది. అక్కడి పిల్లలకి పుట్టుకతో రెక్కలేం రాలేదు గదా.

ఆ సాయంత్రం మా అమ్మాయితో కూచున్నాను. వద్దని చెప్పడానికి రాలేదన్నాను. దానికి కోపం వచ్చింది. "నువ్వు కూడా నన్నే తప్పంటావా అమ్మా?" అంది. తప్పనలేదు. నా గెడ సంగతి దానికెప్పుడూ చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాను. ఆనపపాదు దాకా మొత్తం చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నేను లాంగ్‌జంప్ మానేసినప్పుడు నువ్వేం అడగలేదు" అంది.

నిజమే. పదో తరగతిలో తను మానేసింది. చదువు మీద పడిందని సంతోషించాను. ఎందుకు మానేశావని అడగలేదు. నాయనమ్మ కనీసం గెడ లాక్కుంది, అది నాకు గుర్తుండిపోయింది. నా కూతురి విషయంలో నేను ఏమీ లాక్కోలేదు. ఉత్తినే చూస్తూ ఊరుకున్నాను. అది ఇంకా నిశ్శబ్దంగా జరిగిపోయింది.

మా ఊరికి ఆ పేరు దక్షుడి వల్ల వచ్చిందంటారు. దక్షయజ్ఞం జరిగింది ఇక్కడేనని, సతీదేవి పుట్టింటికి పిలుపు లేకుండా వచ్చి అవమానపడి అగ్నిలో పడిందని కథ. పిలవని పేరంటానికి వెళ్ళకూడదని చెప్పడానికి మా ఇంట్లో ఆడపిల్లలందరికీ ఈ కథే చెప్పేవారు. నాకిప్పుడు ఆ కథ వేరేగా వినిపిస్తోంది. సొంత ఇంటికి వచ్చిన కూతురికి కాలు మోపడానికి చోటు ఉంచనివాళ్ళది గదా తప్పు! కన్నతండ్రి ఇంట్లో ఆమె పడడానికి నిప్పు తప్ప ఇంకేమీ మిగల్చలేదు. వెళ్ళొద్దని కూతుళ్ళకి చెప్పడం సులువు. వాళ్ళు వచ్చేసరికి చోటు సిద్ధం చెయ్యడమే కష్టం.

వేసవి అయ్యాక ద్రాక్షారామం తిరిగి వచ్చి నా స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో అరుగు మీద కూచుని ఉంది. మనవరాలి సంగతి చెప్పాను. "బొంగుతో దూకినందుకు పతకాలిస్తారా?" అని ఆశ్చర్యపోయింది. ఫోనులో ఇసిన్‌బయేవా వీడియో చూపించాను. రెండుసార్లు చూసింది. "నాకూ తెలిసుంటే బాగుణ్ణు" అంది. ఇంకేమీ అనలేదు. ఆ వాక్యానికి నా దగ్గర సమాధానం లేదు. ఆమె దూకిన మురుగు కాలువ మీద ఇప్పుడు సిమెంటు కల్వర్టు ఉంది.

ప్రస్తుతం మా పని ఇదీ. మా అమ్మాయీ, ఇంకో ఆరుగురు తల్లులూ, నేనూ కలిసి పరుపు కావాలని అర్జీ రాశాం. ఆటల సామగ్రి అని కాకుండా, పిల్లల రక్షణ అని రాయమని నేనే చెప్పాను. ఏ ఆఫీసుకి ఎలా రాయాలో ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్నదంతా పెట్టాను. పరుపు వచ్చేదాకా పిల్లలు ఇసుకలోనే దూకాలి, కర్ర పెట్టకూడదు అని మాస్టారు దగ్గర మాట తీసుకున్నాం. మనవరాలికి ఆ షరతు నచ్చలేదు. అయినా ఒప్పుకుంది.

అర్జీకి ఇంకా జవాబు రాలేదు. వచ్చే నెల మళ్ళీ రాస్తాం.